ఎర్ర ఫేజులో మాస్టారొక్కరే

డిపార్టుమెంటులో కొత్తగా చేరిన పిల్లలు ఎక్కడ కనబడినా నన్ను ఒకటే అడుగుతారు. "సార్, ఈ సాఫ్ట్‌వేర్లు లేని రోజుల్లో ఎలా పనిచేశారండీ?" అని. లేనప్పుడు బాగానే చేశాం. వచ్చాకే తంటా. ఆ సంగతి అడిగితే ఇన్నాళ్లూ మాట మార్చేసేవాణ్ణి. రిటైరయ్యాక పరువు గురించి పెద్ద బెంగ ఉండదు కాబట్టి ఇప్పుడు చెప్పేస్తాను. మీలో ఎవరికైనా పనికొస్తే సంతోషం, నవ్వుకున్నా నష్టం లేదు.

నేను స్తంభాలెక్కే ఉద్యోగంతో మొదలుపెట్టి ప్రమోషన్ల మీద ఏ.ఈ. అయినవాణ్ణి. ఏ.ఈ. అంటే ఓ పది పన్నెండు ఊళ్లలో ఎక్కడ కరెంటు పోయినా తిట్లు తినే అధికారి. నా చివరి పోస్టింగు గుంటూరు, ప్రకాశం జిల్లాలు కలిసేచోట, మిరప, పత్తి పండే నల్లరేగడి ఊళ్లలో. రిటైర్మెంటుకి ఏడాది కూడా లేదు. ఆ మిగిలిన నెలలు ఏ గొడవా లేకుండా దొర్లిపోతే శాలువా కప్పించుకుని ఇంటికి పోదామని ఉండేది.

అప్పుడొచ్చింది ఆర్డరు. ఇళ్లకిచ్చే కరెంటు లైన్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలట. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర్నుంచి ఊరి చివరి ఇంటి దాకా ప్రతి స్తంభం, ప్రతి తీగ, ప్రతి ఇల్లు. ఎక్కించి బటన్ నొక్కితే ఏ ఇంటికి ఎంత ఓల్టేజి వస్తుందో సాఫ్ట్‌వేరే లెక్కగట్టి చెప్తుందట. ముందుగా సెక్షన్‌కి ఒక ట్రాన్స్‌ఫార్మర్‌ని నమూనాగా చేసి పంపమన్నారు. ఆర్డరు చివర ఒక ముక్క కలిపారు. ఇకమీదట ఎక్కడైనా కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కావాలంటే మనుషులు అర్జీ పెట్టుకుంటే చాలదు, అవసరమని సాఫ్ట్‌వేర్ కూడా చెప్పాలి.

ఏ ఊరు ఎంచుకోవాలా అని నేను ఆలోచించే పని లేకపోయింది. ఒక ఊరు తనంత తనే వచ్చి నా టేబులు ముందు కూర్చుంది, కారం మిల్లు ఆవిడ రూపంలో.

ఆవిడకి నలభై దాటి ఉంటాయి. ఏళ్ల తరబడి కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్లి, చేతులు మండీ మండీ విసుగెత్తి, ఇంటి వసారాలో సింగిల్ ఫేజు కారం మిల్లు పెట్టుకుంది. ఇల్లు ఊరికి కొసన. మా లైను కూడా అక్కడితో సరి. దాని తర్వాత ఒక గొడ్లపాక, ఆ తర్వాత చేలే. సాయంత్రం ఊళ్లో ఏసీలు, కూలర్లు మొదలయ్యేసరికి మిల్లు మోటారు మూలుగుతుందే గానీ తిరగదు. అలా మూలిగీ మూలిగీ రెండుసార్లు కాలిపోయింది.

ఓల్టేజి కొలిచే మీటరు ఆవిడ దగ్గర లేదు. వసారాలో ఒక పాత గుండు బల్బు ఉంది. "పొద్దున తెల్లగా ఉంటది సార్. మధ్యాన్నానికి ముసురుకుంటది. దీపాలేళకి లోపల తీగ ఎన్ని మెలికలు తిరిగిందో లెక్కపెట్టుకోవచ్చు," అంది. "రెండు మోటార్లు కాలినయ్. ఇది మూడోది. ముందు ఆవకాయ రోజులు, ఊరంతా కారం ఆడించుకునేది అప్పుడే. ఇది గూడా కాలిందా, మిల్లు పీకేసి మళ్లీ తొడిమలకి పోవాల్సిందే."

ఆ మాటంటూ చేతులు చూపించింది. నాకు మనసు పాడైంది. "అటువైపు కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెట్టిస్తానమ్మా. కంప్యూటర్ కూడా ఒప్పుకోవాలి, అంతే," అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే నాకే ఆశ్చర్యం.

పని ఇద్దరికి అప్పగించాను. ఒకరు కొత్తగా చేరిన ఇంజనీరమ్మాయి. బాగా చదువుకుంది. సాఫ్ట్‌వేరంటే ప్రాణం. రెండోవారు ఆ ఊరి లైన్‌మన్, ముప్పయ్యేళ్లుగా అక్కడి తీగలన్నీ ఆయన చేతిమీదుగా లాగినవే. రికార్డులు చెదలు తిన్నా మాకు దిగుల్లేదు, ఆయన తలకాయే మా సర్వరు.

ఇక్కడ ఒక్క పాఠం చెప్పాలి, భయపడకండి. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మూడు కరెంటు తీగలు బయల్దేరతాయి. ఒక్కో తీగ ఒక ఫేజు. ఆర్, వై, బి అంటాం. ఎరుపు, పసుపు, నీలం అన్నమాట. ప్రతి ఇంటికీ ఈ మూడింట్లో ఒకదాన్నుంచి కలుపుతాం. ముగ్గురు అన్నదమ్ములకి పని సమానంగా పంచినట్టు ఇళ్లని మూడు ఫేజుల మీదా సమానంగా పంచితే అందరికీ ఓల్టేజి బాగుంటుంది. అందరూ ఒకడి మీదే పడితే వాడు చతికిలబడతాడు. పాఠం అయిపోయింది.

సర్వే చూడముచ్చటగా జరిగింది. అమ్మాయి ట్యాబ్ పట్టుకుని ఒక్కో ఇంటిముందూ ఆగేది. లైన్‌మన్ కళ్లు మూసుకుని చెప్పేవాడు. "ఇది ఆర్. పక్క డాబా వై. ఆ పెంకుటిల్లు బి. దాని వెనకది మళ్లీ ఆర్." ఒక్కచోటా తడుముకోలేదు. ఊరి చివరి మూడు స్తంభాలకి మటుకు ఒకటే ఫేజు తీగ వెళ్తుంది, అది పసుపు. కాబట్టి మిల్లు ఆవిడది పసుపు, అందులో సందేహం లేదు. తొంభై చిల్లర ఇళ్లు రెండు రోజుల్లో ఎక్కేశాయి. అమ్మాయి బటన్ నొక్కింది.

"సార్, నెట్‌వర్క్ చాలా హెల్దీగా ఉంది. మిల్లు దగ్గర రెండొందల ఇరవయ్యారు ఓల్టులు!" అంది ఆనందంగా.

ఆ సాయంత్రమే మీటరు పట్టుకుని మిల్లుకి వెళ్లి కొలిచాను. నూట ఎనభై. బల్బు లోపలి తీగకి మెలికలు ఏడు. ఆవిడకి అబద్ధం చెప్పలేక, "కంప్యూటర్ ప్రకారం మీకు రెండొందల ఇరవయ్యారు వస్తోందమ్మా," అన్నాను.

ఆవిడ నన్నోసారి, మోటార్నోసారి చూసింది. "అయితే సార్, ఆ కంప్యూటర్నే తీసుకొచ్చి ఇక్కడ పెట్టండి. రెండు వీశెల కాయ ఆడించి మరీ పంపిస్తా," అంది.

ఆఫీసులో ఇద్దరూ పంతానికి పోయారు. సాఫ్ట్‌వేర్ లెక్క తప్పదు, మనం ఇచ్చిన వివరాల్లోనే ఏదో తప్పుందని అమ్మాయి. నేను పుట్టి బుద్ధెరిగాక తప్పు చెప్పలేదని లైన్‌మన్. ఇద్దరిలో ఎవర్నీ నొప్పించడం ఇష్టం లేక నేనొక ఉపాయం ఆలోచించాను. ఆ ఉపాయమే ఈ కథంతా.

సాఫ్ట్‌వేర్ గీసిన మ్యాపు చాలా అందంగా ఉంది. ప్రతి ఇంటినీ దాని ఫేజు రంగులో నింపి చూపిస్తుంది. దాన్ని తలుపంత సైజులో రంగుల్లో అచ్చు వేయించి, పంచాయతీ ఆఫీసు గోడకి అంటించి, కింద పెద్దక్షరాలతో రాయించాను: "మీ ఇంటి రంగు సరిచూసుకోండి. తప్పు ఉన్నచో సెక్షన్ ఆఫీసుకు తెలుపగలరు."

ఇప్పుడు మీరు నవ్వడం నాకు తెలుస్తూనే ఉంది. ఆ ఊళ్లో రెండు వర్గాలు. ఒక వర్గం జెండా పసుపు, రెండోదాని జెండా నీలం. అక్కడ పెళ్లి పందిరికి గుడ్డ కొనాలన్నా ముందు ఏ రంగూ కాని రంగు కోసం చీరాల దాకా వెళ్లి వెతుక్కుంటారు. ఈ ప్రాంతంలోనే పుట్టి, ఇక్కడే ఉద్యోగం చేసి, ఇక్కడి ఎన్నికలన్నిటికీ డ్యూటీ చేసినవాణ్ణి నేను. ఆ మ్యాపు గోడకి అంటిస్తున్నంతసేపూ నా బుర్రకి తట్టలేదు. ఫేజులు ఫేజుల్లాగే కనిపించాయి. ఇంజనీరు బుర్రకి అదొక జబ్బు.

మర్నాడు తొమ్మిదింటికి నేను ఆఫీసు చేరేసరికి ఇరవై మంది నిలబడి ఉన్నారు.

"ఏందండీ ఏ.ఈ. గారూ ఇది? మా తాతలనాటి నుంచీ మేం ఎటున్నామో ఊరందరికీ తెలుసు. మా ఇంటికి వాళ్ల రంగేస్తారా?"

"అది కరెంటు రంగండీ. మీ పార్టీ రంగు కాదు."

"కరెంటుకి రంగేందండీ? నేనేమన్నా చదువుకోలేదనుకుంటున్నారా?"

దీనికి సమాధానం నాకిప్పటికీ తెలీదు. కరెంటుకి రంగు లేదని ఒప్పుకుంటే మ్యాపు తప్పు. ఉందంటే ఆయన ఇంటికి వేసింది తప్పు.

అన్నిటికంటే గట్టి కేసు నీలం వర్గం పెద్దాయనది. వాళ్లు నలుగురు అన్నదమ్ములు, నాలుగిళ్లూ వరసగా ఉంటాయి. మ్యాపులో మూడు నీలం వచ్చాయి, ఆఖరి తమ్ముడిది మటుకు పసుపు. పెద్దాయన వచ్చి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అడిగాడు.

"నిజం చెప్పండి. మావాణ్ణి ఎప్పుడు లాగారు వాళ్లు?"

"ఎవరూ లాగలేదండీ. స్తంభం అటువైపు ఉంది, అంతే."

"గవర్నమెంటు కాయితం మీద అచ్చయింది కదండీ. మీకు పైనుంచి సమాచారం లేందే వేస్తారా?"

ఆ సాయంత్రం ఆ తమ్ముడు స్కూటరు మీద వచ్చాడు, కళ్లనిండా నీళ్లు పెట్టుకుని. "మా అన్న నాతో మాట్లాట్టం మానేశాడు సార్. మా వదిన కూర గిన్నె కూడా వెనక్కి పంపింది. మీకు దణ్ణం పెడతా, నన్ను నీలంలో కలిపెయ్యండి." నాకు జాలేసింది. అయినా ఒకరికి మారిస్తే ఊరంతా వస్తారని, కుదరదన్నాను. నేను కుదరదన్నది నిజంగా కుదరకుండా ఆగిపోయిన సందర్భాలు నా సర్వీసులో బహుతక్కువ. లైన్‌మన్‌ని ఊరివాళ్లు నిద్రపోనివ్వలేదు. పది రోజుల్లో పసుపువాళ్లంతా పసుపు ఫేజు మీదికి, నీలంవాళ్లంతా నీలం ఫేజు మీదికి చేరిపోయారు.

ఎర్ర ఫేజు మీద ఒకే ఒక్కరు మిగిలారు. లెక్కల మాస్టారుగా రిటైరైన పెద్దమనిషి, ఊళ్లో ఆఖరి ఎర్రజెండా. మ్యాపులో తన ఇల్లు ఎర్రగా ఉండటం చూసి ఆయన ఎంత మురిసిపోయారో. కానీ ఫేజంతా ఖాళీ అయి ఆయనొక్కరే మిగిలేసరికి ఓల్టేజి పైకెగిసి ఇంట్లో బల్బులు పేలడం మొదలైంది. మూడో బల్బు పేలినప్పుడు ఫోన్ చేశారు. "బాబూ, ఒంటరివాడికి ఇంత బలం ఎక్కణ్ణుంచొచ్చిందయ్యా?" అని. ఫిర్యాదు చేస్తున్నారో సంబరపడుతున్నారో తెలీలేదు.

నేను తప్పు దిద్దుకోవాలని మ్యాపు పీకించి, అమ్మాయి చేత రంగులు మార్పించాను. ఆకుపచ్చా కాషాయమూ పనికిరావని మాకూ తెలుసు, అవీ ఎవరివో ఒకరివే. వెతగ్గా వెతగ్గా వంకాయ రంగు, ఇటుక రంగు, బూడిద రంగు దొరికాయి. వాటితో కొత్త మ్యాపు అంటించి గంట కాకముందే ఒకాయన ఫోను. "సార్, వంకాయంటే మన పాత నీలమేనా?"

ఈ తమాషా అంతటికీ శిక్ష పడ్డది మిల్లు ఆవిడకి. చివరి స్తంభాలకి వెళ్లేది పసుపు తీగే, దానిమీద సగం ఊరు ఎక్కి కూర్చుంది. దానికి తోడు కొత్త కష్టం.

"సగం ఊరు రావటం మానేసింది సార్," అంది. "ఆ రంగు కరెంటుతో ఆడిన కారం మేం తినమంటన్నారు. పక్కూరు బస్సెక్కిపోయి ఆడించుకొస్తన్నారు. వచ్చేవాళ్లకేమో మోటారు తిరగదు. అసలు మీరు ఆ మ్యాపు ఎందుకేశారు సార్?"

ఆవిడకి సాయం చేద్దామని మొదలుపెట్టి, ఉన్న కాస్త గిరాకీ కూడా పోగొట్టాను. ఉద్యోగంలో నేను సిగ్గుపడ్డ రోజులు కొన్ని ఉన్నాయి, అందులో అది ముందు వరసలో ఉంటుంది.

మర్నాడు లైన్‌మన్ నా గదిలోకొచ్చి, టోపీ తీసి చేత్తో తిప్పుతూ నిలబడ్డాడు. "ఒక మాట చెప్తా, తిట్టగూడదు సార్," అన్నాడు.

"చెప్పు."

"సర్వేలో నేను చెప్పిన ఫేజులు, కనెక్షన్లిచ్చిన రోజువి. నిజమే, అప్పుడు సమానంగానే పంచాను. ఆ తర్వాత ఎవరు లో ఓల్టేజి అని ఏడ్చినా, ఆపూట బాగున్న ఫేజుకి మార్చేవాణ్ణి. ఒకళ్లు మజ్జిగిచ్చేవాళ్లు, ఒకళ్లు జామకాయలిచ్చేవాళ్లు. వద్దంటే బాగోదు గదా సార్. ముప్పయ్యేళ్ల మజ్జిగ. ఏ ఇల్లు ఎక్కడుందో నాకే తెలీదు. ఆ పిల్ల ముందు తెలీదని చెప్పలేకపోయా."

"మరి ఈ పది రోజులూ మార్చావు కదయ్యా?"

"స్తంభం ఎక్కి చూస్తే సగం మంది అడిగిన ఫేజు మీదే ఉన్నారు సార్. ఊరికే కాసేపు పైన కూర్చుని దిగొచ్చా. మారిందని వాళ్లకి తృప్తి."

నాకు తిట్టాలో నవ్వాలో తెలీలేదు. గట్టిగా నవ్వేశాను. పక్కగదిలోంచి అంతా విన్న మా ఇంజనీరమ్మాయి మాత్రం నవ్వలేదు. లేచి తలుపు దగ్గరికి వచ్చింది.

"సార్, అంటే ఇప్పుడు ప్రతి ఇల్లూ ఏ ఫేజు మీదుందో మనకి కచ్చితంగా తెలుసు కదా?"

"ఎలా తెలుస్తుందమ్మా?"

"ఎవరి ఫేజు ఏదో ఎవరికీ తెలీదు సార్. కానీ ఎవరి పార్టీ ఏదో అందరికీ తెలుసు!"

ఆ పిల్ల మీద నాకు ఆ క్షణంలో కలిగిన గౌరవం ఇంతా అంతా కాదు. టీ దుకాణంలో కూర్చుని, లైన్‌మన్ని పక్కన పెట్టుకుని, గంటలో తొంభై ఇళ్లూ కొత్తగా ఎక్కించింది. ఇంటి పేరు చెప్పడం, "ఎటువైపు?" అనడం, రంగు నొక్కడం. నలుగురు అన్నదమ్ముల్లో ఆఖరివాడి దగ్గర మాత్రం లైన్‌మన్ కాస్త ఆగి, "పైకి నీలం, ఎక్కించెయ్యమ్మా," అన్నాడు. బటన్ నొక్కితే మిల్లు దగ్గర నూట అరవయ్యారు ఓల్టులు వచ్చాయి. స్క్రీను మీద ఆ ఇల్లు మాటిమాటికీ మెరిసింది, హెచ్చరిక అన్నమాట. సాయంత్రం వెళ్లి కొలిస్తే నూట అరవయ్యైదు. మెలికలు తొమ్మిది. సాఫ్ట్‌వేర్ మొదట్నుంచీ అబద్ధం చెప్పలేదు. మేం లేని ఊరొకటి తయారుచేసి దానికిచ్చాం, అది ఆ లేని ఊరి సంగతి నిజాయితీగా చెప్పింది. ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి చాలు, మిగతాదంతా నా వాగుడే.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కావాలని సాఫ్ట్‌వేర్ లెక్కతో సహా పైకి పంపాను. వారంలో డి.ఈ. గారే స్వయంగా దిగారు. ఏ.ఈ.కి పై అధికారి, మంచి చదువరి, అనవసరంగా చిల్లిగవ్వ కూడా మంజూరు చేయని మనిషి. సాయంత్రం ఆరున్నరకి మిల్లు దగ్గర ఆయనే కొలిచి, స్క్రీను చూసి, మళ్లీ కొలిచారు. రెండు అంకెలూ పక్కపక్కన సరిపోవడం చూసి ముఖం వెలిగిపోయింది. తర్వాత ఫేజులవారీగా ఇళ్ల లెక్క చూసి నా వైపు తిరిగారు.

"పసుపుకి నలభై తొమ్మిది, నీలానికి నలభై మూడు, ఎరుపుకి ఒకటా? ఇదేం లోడ్ బ్యాలెన్సింగయ్యా? ముప్పయి ఇళ్లు ఎరుపు మీదికి మార్చు, ఓల్టేజి అదే సర్దుకుంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు?"

ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లూ సరైన మాట. పుస్తకంలో అలాగే ఉంటుంది. మిల్లు ఆవిడ వసారా స్తంభాన్ని పట్టుకుని మా ముఖాలు చూస్తోంది. అరుగు మీద పచ్చళ్లకని ఎవరో ఇచ్చిపోయిన కాయల బస్తాలు రెండున్నాయి. నేను, "ఆ మాట మీరే వాళ్లకి చెప్తే బాగుంటుంది సార్," అన్నాను.

పంచాయతీ ఆఫీసు దగ్గర రెండు వర్గాల పెద్దల్నీ కూర్చోబెట్టాం. మాస్టారిని ఎవరూ పిలవలేదు గానీ ఆయనే వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. డి.ఈ. గారు చక్కగా, ఓపిగ్గా, బొమ్మ గీసి మరీ చెప్పారు. "రెండువైపుల నుంచీ పదిహేనేసి ఇళ్లు ఎర్ర ఫేజుకి వచ్చేస్తే చాలండి. అందరి ఏసీలూ బాగా నడుస్తాయి."

నీలం పెద్దాయన అన్నాడు. "ఎర్రంటే... మాస్టారి వైపుకా?"

"వైపు కాదండీ, ఫేజు."

"ముందు వాళ్లని పంపమనండి. పదిహేనిళ్లు తగ్గాక మేం ఆలోచిస్తాం."

"మేం పంపాక మీరు పంపకపోతే?" అన్నాడు పసుపు పెద్దాయన. "పంచాయతీ ఎన్నికల ముందు పదిహేనిళ్లు ఎట్టా వదులుకుంటామండీ?"

డి.ఈ. గారు అది ఓట్ల సంగతి కాదని ఇంకోసారి చెప్పారు. ఇంకోసారి బొమ్మ గీశారు. వెనకనుంచి ఎవరో, "అయితే లాటరీ తీద్దాం," అన్నాడు. "మా ఇంటి పేరు లాటరీలో ఎయ్యడానికి నువ్వెవడివిరా?" అన్నాడు ఇంకొకడు. రెండు కుర్చీలు పడ్డాయి. మాస్టారు లేచి, చెమర్చిన కళ్లతో, "ముప్పయి ఇళ్లు! నలభై ఏళ్లుగా ఎదురుచూస్తున్నాను బాబూ, ఎవరొచ్చినా నేను కడుపులో పెట్టుకుంటాను," అన్నారు. దాంతో వచ్చేవాడెవడైనా ఉంటే వాడూ ఆగిపోయాడు.

డి.ఈ. గారు వెళ్లి జీపులో కూర్చున్నారు. తర్వాత ఫైలు తెరిచి, పెన్ను తీసి, ఆగారు.

"బ్యాలెన్సింగ్ ఎందుకు సాధ్యం కాదో కారణం రాయాలి. ఏం రాయను?"

"సాంకేతిక కారణాలని రాయండి సార్."

రాసి సంతకం పెట్టేశారు.

ఆవకాయ రోజులకి సరిగ్గా వారం ముందు ఊరి చివర కొత్త ట్రాన్స్‌ఫార్మర్ లేచింది. మూడు ఫేజులూ అక్కడిదాకా వచ్చాయి. కంచెకి ఏ రంగు వేయాలని కాంట్రాక్టరు అడిగితే ఏదీ వేయొద్దన్నాను. తుప్పు పట్టినా పర్వాలేదనిపించింది. మిల్లు దగ్గర కొలిస్తే రెండొందల ఇరవయ్యెనిమిది. గుండు బల్బు వంక చూడలేకపోయాం. మోటారు ఒక్క అరుపుతో తిరిగింది. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

అయినా నా మనసులో ముల్లు పోలేదు. ఓల్టేజి ఇప్పించగలిగాను గానీ, నా మ్యాపు వల్ల పోయిన సగం ఊరిని ఎలా రప్పించను? ఆవిడ మీటరు ఏదో ఒక ఫేజు మీద ఉండాల్సిందే కదా. ఏ ఫేజు మీదున్నా ఎవరో ఒకరు రారు.

రిటైర్మెంటుకి పదిహేను రోజులుందనగా లైన్‌మన్ వచ్చి చెవిలో ఊదాడు. "సార్, మిల్లు ఆవిడ మూడు ఫేజుల మార్పిడి స్విచ్చి పెట్టింది. గోడకే ఉంది, అందరికీ కనపడేట్టు."

సింగిల్ ఫేజు కనెక్షన్లోకి మూడు ఫేజులూ లాక్కోవడం నేరం. కేసు రాసి, ఆ పూటే మిల్లుకి కరెంటు కట్ చేయాలి. ఏ మిల్లు నిలబెట్టడానికి ఇంత అవమానపడ్డానో, ఆ మిల్లునే నా చేత్తో ఆపడం నా ఆఖరి పని అవుతుందేమోనని దిగులుపడుతూ బయల్దేరాను. అమ్మాయి, లైన్‌మన్ కూడా వెంట వచ్చారు.

మిల్లు ముందు ఇసకేస్తే రాలడం లేదు. పసుపువాళ్లూ నీలంవాళ్లూ ఇద్దరూ ఉన్నారు, చెరో అరుగు మీద. గోడ మీద పెద్ద స్విచ్చి, గుండ్రటి పిడి, దాని చుట్టూ పెయింటుతో ఎరుపు, పసుపు, నీలం గుర్తులు. నీలం పెద్దాయన భార్య కాయల డబ్బా ఇచ్చింది. మిల్లు ఆవిడ టక్కున పిడి నీలానికి తిప్పి కాయలు పోసింది. తర్వాత ఇంకొకరొచ్చారు. టక్కున పసుపుకి తిప్పింది. అందరూ తృప్తిగా చూస్తున్నారు.

జనం తగ్గేదాకా ఆగి, "అమ్మా, ఆ పెట్టె విప్పు," అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

ఆవిడ భయపడలేదు. స్క్రూడ్రైవరు తెచ్చి మూత ఊడదీసింది. లైన్‌మన్ టార్చి వేశాడు. ముగ్గురం వంగి చూశాం. మా మీటరు నుంచి వచ్చిన ఒకే ఒక్క తీగ తిన్నగా లోపలికి వెళ్లి, పిడిని తాకకుండానే, తిన్నగా మోటారుకి వెళ్లిపోయింది. పిడి వెనక ఏమీ లేదు. స్ప్రింగు మాత్రం ఉంది, టక్కుమని చప్పుడు రావడానికి.

"ఎవరొస్తే అటు తిప్పుతున్నా సార్," అంది. "మీరొకసారి చెప్పారు గదా, స్తంభమెక్కి ఊరికే కూర్చుని దిగొచ్చాడని. అది విన్నాకే తట్టింది."

లైన్‌మన్ టార్చి ఆర్పేశాడు. నేను మూత నా చేత్తోనే బిగించాను. నాలుగు స్క్రూలూ గట్టిగా బిగించాను.

అమ్మాయి ట్యాబ్ తెరిచి, "సార్, మరి ఈ ఇంటిని మ్యాపులో ఏ రంగులో చూపించమంటారు?" అంది.

నేను ఏదో చెప్పబోయేలోపే మిల్లు ఆవిడ జల్లెడలోంచి దోసెడు కారం తీసి మా ముందు చాపింది. వేడిగా, ఘాటుగా ఉంది. ముగ్గురికీ ఒకేసారి తుమ్ములొచ్చాయి.

"ఏ వైపు వాళ్లది ఆడించినా ఇదే రంగొస్తంది సార్," అంది గొంతు తగ్గించి. "మాస్టారికి మాత్రం చెప్పమాకండి."